పాలపుంత నడిమి కృష్ణబిలం: మింగేది ఎంత, మార్చేది ఎంత?

మద్దేడ్ (బస్తర్): బీజాపూర్ నుంచి భోపాలపట్నం వెళ్లే దారిలో మద్దేడ్ వస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో తెలుగు బాగా వినిపించే ప్రాంతం ఇది. చుట్టూ అడవి. పెద్ద నగరాల వెలుగు దగ్గర్లో లేదు. ఇలాంటి చోట పాలపుంతను చూడటానికి ఏ పరికరమూ అక్కర్లేదు. వానలు మొదలవకముందు, మే నెల అమావాస్య రోజుల్లో, రాత్రి రెండున్నర ప్రాంతంలో దక్షిణం వైపు తిరిగి నిలబడితే చాలు. నేలకూ నడినెత్తికీ మధ్య దాదాపు సగం ఎత్తులో వృశ్చిక రాశి కొండి కనిపిస్తుంది. తేలు తోక చివర వంకీ తిరిగినట్టుండే నక్షత్రాలవి. పంచాంగంలో చెప్పే మూల నక్షత్రం అక్కడిదే. దానికి ఎడమ పక్కన, తెల్లటి మసక అన్నిటికంటే దట్టంగా ఉన్న చోట ధనూ రాశి ఉంటుంది. ఆ రెంటి నడుమ మన గెలాక్సీ నడిబొడ్డు ఉంది. అక్టోబరులో మబ్బులు తేలిపోయాక చూస్తే సాయంత్రం ఏడు గంటలకే అదే చోటు నైరుతి దిక్కున వాలుతూ కనిపిస్తుంది.

అక్కడ, మనకు సుమారు 27 వేల కాంతి సంవత్సరాల దూరంలో, 43 లక్షల సూర్యుళ్ల బరువున్న ఒక కృష్ణబిలం ఉంది. ఇంగ్లిష్‌లో బ్లాక్ హోల్. దాని పేరు 'సాజిటేరియస్ ఏ స్టార్'. కంటికి మాత్రం కనిపించదు. మధ్యలో ఉన్న ధూళి మేఘాల వల్ల అక్కడి నుంచి బయల్దేరిన మామూలు వెలుగులో లక్ష కోట్లలో ఒక్క వంతు కూడా మన దాకా సరిగా చేరదు.

మూల అనే మాటకు వేరు, మొదలు అని అర్థం ఉంది కాబట్టి మన పూర్వీకులకు గెలాక్సీ కేంద్రం సంగతి ముందే తెలుసని చెప్పే వీడియోలు తెలుగులో చాలానే తిరుగుతుంటాయి. మాట కలిసింది, అంతే. గెలాక్సీకి కేంద్రం ఎక్కడుందో మనుషులు లెక్కకట్టింది 20వ శతాబ్దంలోనే. కానీ మన భాషలో ఈ ఆకాశానికి ఉన్న మాటలు మాత్రం అందమైనవి. గోదావరి జిల్లాల్లో పుంత అంటే పొలాల మధ్య బండ్లు నడిచే బాట. పాలపుంత అంటే పాల బాట. వినాయక చవితి రోజున విగ్రహం పైన పళ్లు, కాయలు కట్టి వేలాడదీసే చెక్క చట్రాన్ని పాలవెల్లి అంటాం. ఆ మాటకు అర్థం కూడా పాలపుంతే.

ఇలాంటి భారీ కృష్ణబిలాలను శాస్త్రవేత్తలు 'సూపర్ మాసివ్ బ్లాక్ హోల్స్' అంటారు. సూర్యుడి కంటే లక్ష రెట్లు మొదలుకొని వేల కోట్ల రెట్ల దాకా బరువుండేవన్నీ ఈ కోవలోకి వస్తాయి. దాదాపు ప్రతి పెద్ద గెలాక్సీ నడుమా ఒకటి ఉందనేది ఇప్పటి అవగాహన. వీటి గురించి వచ్చే వార్తల్లో 'విశ్వాన్ని మింగేస్తున్న రాక్షసి' అన్న ధోరణే ఎక్కువ. అసలు సంగతి దాదాపు దానికి తిరగబడి ఉంటుంది. ఇవి మింగేది చాలా తక్కువ. మింగే క్రమంలో బయటికి వెదజల్లే శక్తి చాలా ఎక్కువ. గెలాక్సీల రాతను మారుస్తున్నది ఆ శక్తి.

అక్కడ ఒకటి ఉందని ఎలా తెలిసింది?

మొదటి కబురు రేడియోలో వచ్చింది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే కార్ల్ జాన్‌స్కీ అనే ఇంజినీరు, రేడియో టెలిఫోన్‌లో వినిపించే గరగర ఎక్కడిదో పట్టుకునే పనిలో ఉన్నారు. ఉరుముల వల్ల వచ్చే శబ్దాన్ని వేరుచేశాక, ధనూ రాశి వైపు నుంచి ఎడతెగకుండా ఒక సన్నటి రొద వస్తోందని 1933లో ప్రకటించారు. రేడియో ఖగోళశాస్త్రం అక్కడ మొదలైంది.

మూడు దశాబ్దాల తర్వాత, 1963లో మార్టెన్ ష్మిట్ '3సీ 273' అనే వస్తువును పరిశీలించారు. చూడటానికి మామూలు నక్షత్రంలా ఉన్న అది నిజానికి రెండు వందల కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉందని తేలింది. అంత దూరం నుంచి కూడా కనిపిస్తోందంటే మొత్తం గెలాక్సీని మించిన వెలుగు ఉండాలి. పైగా ఆ వెలుగు కొద్ది కాలంలోనే హెచ్చుతగ్గులవుతోంది, అంటే వెలిగే చోటు చాలా చిన్నది. వీటికి క్వేజార్లు అని పేరు పెట్టారు. భారీ కృష్ణబిలం మీదికి వాయువు సుడులు తిరుగుతూ పడటమే దీనికి కారణమని, క్వేజార్ దశ ముగిశాక ఆ బిలాలు మామూలు గెలాక్సీల నడుమ నిద్రాణంగా మిగిలిపోయి ఉండాలని 1969లో డొనాల్డ్ లిండెన్‌బెల్ వాదించారు. 1974లో బ్రూస్ బాలిక్, రాబర్ట్ బ్రౌన్ మన గెలాక్సీ నడుమ రేడియో తరంగాలు వెదజల్లే ఒక చిన్న బిందువును పట్టుకున్నారు. సాజిటేరియస్ ఏ స్టార్ అదే.

గట్టి రుజువు నక్షత్రాల కదలికలో దొరికింది. ధూళిని దాటి రాగల పరారుణ కాంతిలో రెండు బృందాలు 1990ల నుంచి అక్కడి నక్షత్రాలను ఏళ్ల తరబడి వెంటాడాయి. జర్మనీకి చెందిన రైన్‌హార్డ్ గెంజెల్ బృందం చిలీలో ఉన్న టెలిస్కోపులతో, అమెరికాకు చెందిన ఆండ్రియా గెజ్ బృందం హవాయిలో ఉన్న కెక్ టెలిస్కోపులతో పనిచేశాయి. వాళ్లు గమనించిన వాటిలో 'ఎస్2' అనే నక్షత్రం ఏమీ లేనట్టు కనిపించే ఒక చోటు చుట్టూ 16 ఏళ్లకోసారి తిరిగివస్తోంది. 2018 మేలో అది ఆ చోటికి దాదాపు 1,800 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వచ్చింది. అప్పుడు దాని వేగం సెకనుకు 7,600 కిలోమీటర్ల పైమాట. ఆ నక్షత్రాన్ని అంత వేగంగా తిప్పాలంటే నడుమ ఎంత బరువుండాలో కెప్లర్ సూత్రాలతో డిగ్రీ విద్యార్థి కూడా లెక్కవేయగలడు. 43 లక్షల సూర్యుళ్ల లెక్క అలా వచ్చిందే. ఈ పనికి గెంజెల్, గెజ్ 2020 నోబెల్‌లో సగం పంచుకున్నారు. మిగతా సగం రోజర్ పెన్‌రోజ్‌కు దక్కింది.

ఆ తర్వాత చిత్రాలు వచ్చాయి. భూమి మీద వేర్వేరు ఖండాల్లో ఉన్న రేడియో టెలిస్కోపులను కలిపి ఒకే పెద్ద టెలిస్కోపులా వాడుకున్న 'ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్' బృందం 2019 ఏప్రిల్ 10న ఎం87 గెలాక్సీ నడిమి కృష్ణబిలం చిత్రాన్ని, 2022 మే 12న మన పాలపుంతలోని దాని చిత్రాన్ని విడుదల చేసింది. వెలుగు వలయం, నడుమ చీకటి. ఆకాశంలో ఆ వలయం ఎంత చిన్నదంటే, చంద్రుడి మీద ఒక గారె పెట్టి ఇక్కడి నుంచి దాని చిల్లును చూడాలనుకోవడం లాంటిది.

మింగేది ఎంత?

కృష్ణబిలానికి ఒక సరిహద్దు ఉంటుంది. దాన్ని దాటి లోపలికి వెళ్లినది, కాంతి సహా, తిరిగి రాదు. ఈ సరిహద్దే ఈవెంట్ హొరైజన్. సాజిటేరియస్ ఏ స్టార్ విషయంలో కేంద్రం నుంచి ఈ సరిహద్దు దాదాపు 1.27 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. సూర్యుడి స్థానంలో దాన్ని ఉంచితే బుధగ్రహం కక్ష్య లోపలే బోలెడు జాగా మిగిలిపోతుంది. ఎం87 నడిమిది మరీ పెద్దది. 650 కోట్ల సూర్యుళ్ల బరువు. దాని సరిహద్దు దాదాపు 1,900 కోట్ల కిలోమీటర్లు, అంటే సూర్యుడి నుంచి నెప్ట్యూన్ ఉన్న దూరానికి నాలుగు రెట్లు.

ఇక్కడ ఒక వింత ఉంది. బరువు రెట్టింపైతే సరిహద్దు వ్యాసార్ధం కూడా రెట్టింపవుతుంది, కానీ లోపలి జాగా ఎనిమిది రెట్లు పెరుగుతుంది. అందుకే బిలం పెద్దదయ్యే కొద్దీ దాని సగటు సాంద్రత పడిపోతుంది. ఎం87 బిలం బరువును దాని సరిహద్దు లోపలి ఘనపరిమాణంతో మామూలుగా భాగిస్తే వచ్చేది మనం పీల్చే గాలి సాంద్రత కంటే తక్కువ! కృష్ణబిలం అంటే ఊహకందని సాంద్రత అని పాఠాల్లో చదివిన మాట నక్షత్రాల నుంచి పుట్టే చిన్న బిలాలకు సరిపోతుంది. పెద్దవాటికి అలా వర్తించదు.

మరి అది అన్నిటినీ లాగేసుకోదా? సూర్యుడి జాగాలో అదే బరువున్న కృష్ణబిలాన్ని పెడితే చలికి మనం బతకలేం గానీ, భూమి మాత్రం ఇప్పుడు తిరుగుతున్న కక్ష్యలోనే తిరుగుతూ ఉంటుంది. దూరం నుంచి చూస్తే గురుత్వాకర్షణకు బరువే ముఖ్యం. ఆ బరువు నక్షత్రానిదా, బిలానిదా అన్నది కాదు. మన గెలాక్సీ మొత్తం బరువుతో పోలిస్తే నడిమి బిలం బరువు రెండు లక్షల్లో ఒక వంతు కూడా లేదు. దాని ఆకర్షణ గట్టిగా నడిచేది చుట్టూ కొన్ని కాంతి సంవత్సరాల మేరకే. సూర్యుడు దాని చుట్టూ తిరగడం లేదు. గెలాక్సీలోని నక్షత్రాలు, వాయువు, కృష్ణ పదార్థం అన్నీ కలిసిన బరువు చుట్టూ తిరుగుతున్నాడు. ఈ ఒక్క ముక్క వార్తల్లో రాకపోవడం వల్లే సగం భయాలు పుడుతున్నాయని నా అనుమానం.

పాలపుంత బిలం ప్రస్తుతం దాదాపు పస్తుంటోంది. అదే మనిషైతే పది లక్షల ఏళ్లకు ఒక్క బియ్యపు గింజ తిన్నట్టు లెక్క అని 2022లో చిత్రం విడుదల చేసినప్పుడు ఆ బృందంలోని మైకేల్ జాన్సన్ పోల్చారు.

అప్పుడప్పుడూ మాత్రం ఒక నక్షత్రం మరీ దగ్గరికి వెళ్తుంది. నక్షత్రానికి బిలం వైపున్న భాగం మీద లాగుడు ఎక్కువ, అవతలి భాగం మీద తక్కువ. ఆ తేడాకు నక్షత్రం దారంలా సాగి చినిగిపోతుంది. దాదాపు సగం బయటికి ఎగిరిపోతుంది, మిగతా సగం బిలం చుట్టూ పళ్లెంలా పరుచుకుని వేడెక్కి నెలల పాటు వెలుగుతుంది. ఈ వెలుగును వాడుకుని బిలం ఎంత వేగంగా తన చుట్టూ తాను తిరుగుతోందో కొలవవచ్చు. అమెరికాలోని ఎంఐటీలో పరిశోధకుడిగా పనిచేసిన ధీరజ్ పాశం పేరు ఈ పనిలో తరచూ వినిపిస్తుంది. 29 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో చినిగిన ఒక నక్షత్రం నుంచి 131 సెకన్లకోసారి ఎక్స్‌రే వెలుగు పెరిగి తగ్గుతోందని, దాన్నిబట్టి ఆ బిలం కాంతి వేగంలో కనీసం సగం వేగంతో తిరుగుతోందని ఆయన బృందం 2019లో 'సైన్స్' పత్రికలో ప్రకటించింది. 2024లో 'నేచర్'లో వచ్చిన మరో పరిశోధనలో పద్ధతి వేరు. బొంగరం పడిపోయే ముందు తల ఊపినట్టు, చినిగిన నక్షత్రం తాలూకు వేడి పళ్లెం 15 రోజులకోసారి ఊగుతోందని వాళ్లు గుర్తించారు. ఆ బిలం వేగం కాంతి వేగంలో పాతిక శాతం లోపేనని తేలింది. బిలం తిరిగే వేగంలో దాని చరిత్ర దాగి ఉంటుంది. చుట్టూ పేరుకున్న వాయువును ఒకే దిశలో నిదానంగా మింగుతూ పెరిగితే వేగంగా తిరుగుతుంది, అన్ని దిక్కుల నుంచి చిల్లరగా వచ్చిపడిన వాటితో పెరిగితే నెమ్మదిస్తుంది.

మార్చేది ఎంత?

కొండ మీది నుంచి నీరు పడితే టర్బైన్ తిరుగుతుంది. కృష్ణబిలం దగ్గర పడుతున్నది వాయువు, పడే లోతుకు సాటి లేదు. పడే ముందు వాయువు సుడులు తిరుగుతూ తనలో తాను ఒరుసుకుని లక్షల డిగ్రీలకు వేడెక్కుతుంది. అలా దాని ద్రవ్యరాశిలో దాదాపు పదో వంతు శక్తిగా మారి బయటికి వెళ్లిపోతుంది. సూర్యుడిలో హైడ్రోజన్ హీలియంగా మారేటప్పుడు శక్తిగా మారేది 0.7 శాతమే. హైడ్రోజన్ బాంబు కూడా ఈ లెక్కను దాటదు. అంటే విశ్వంలో ఇంత పెద్ద ఎత్తున పదార్థాన్ని శక్తిగా మార్చే పద్ధతుల్లో కృష్ణబిలం మీదికి పడటమే మేటి.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. గెలాక్సీ నడుమ ముద్దలా ఉబ్బి ఉండే నక్షత్రాల గుంపు బరువులో బిలం బరువు దాదాపు వెయ్యో వంతు, మహా అయితే కొన్ని వెయ్యో వంతులు. చిన్నదే. కానీ ఆ బరువుకు పెరిగే క్రమంలో అది వెదజల్లిన శక్తిని, ఆ నక్షత్రాల గుంపు మొత్తాన్ని విడదీసి చెల్లాచెదురు చేయడానికి కావలసిన శక్తితో పోలిస్తే వంద రెట్ల పైమాటే. అందులో ఒకటి రెండు శాతం చుట్టూ ఉన్న వాయువుకు తగిలినా చాలు, గెలాక్సీ తీరు మారిపోతుంది. బిలం ఆకర్షణ కొన్ని కాంతి సంవత్సరాలు దాటకపోయినా దాని ప్రభావం లక్షల కాంతి సంవత్సరాలు పాకడం వెనుక ఉన్న కిటుకు ఇదే.

నక్షత్రాలు పుట్టాలంటే వాయువు చల్లబడి ముద్ద కట్టాలి. పెద్ద గెలాక్సీల గుంపుల నడుమ విపరీతమైన వేడి వాయువు ఉంటుంది. అది ఎక్స్‌రేలు వెదజల్లుతూ చల్లబడాలి, ఏటా వందల సూర్యుళ్లంత నక్షత్రాలు పుట్టాలి. లెక్క ప్రకారం అంతే. చూస్తే మాత్రం పుట్టడం లేదు. ఎవరో వాయువును మళ్లీ మళ్లీ వేడి చేస్తున్నారు. ఇంట్లో గీజర్‌లో థర్మోస్టాట్ ఎలా పనిచేస్తుందో చూడండి. నీళ్లు చల్లబడితే స్విచ్ పడుతుంది, వేడెక్కితే ఆగిపోతుంది. ఇక్కడ వాయువు చల్లబడి నడుమకు జారితే బిలానికి మేత దొరుకుతుంది. అది మేస్తూ రెండు వైపులా కాంతి వేగానికి దగ్గరి వేగంతో జెట్లు చిమ్ముతుంది. వాయువు వేడెక్కి మేత ఆగుతుంది. కొంతకాలానికి మళ్లీ మొదలు.

దీనికి కళ్లకు కట్టే ఉదాహరణ పెర్సియస్ గెలాక్సీ గుంపు. అక్కడి వాయువులో చెరువులో రాయి వేసినట్టు అలలు ఉన్నాయని నాసా చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపు సమాచారంతో 2003లో కనుగొన్నారు. అవి నిజంగా శబ్ద తరంగాలే. ఒక్కో అలకు దాదాపు కోటి ఏళ్లు. పియానో నడిమి స్వరానికి 57 స్థాయిల కింద ఉండే ఆ స్వరాన్ని ఏ చెవీ వినలేదు. ఆ టెలిస్కోపుకు పెట్టిన పేరు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌ది.

మరో ఉదాహరణలో మన దేశపు టెలిస్కోపుకు వాటా ఉంది. 39 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒఫియూకస్ గెలాక్సీ గుంపులో వేడి వాయువుకు ఒక పెద్ద గుంట పడినట్టు కనిపించింది. ఏ విస్ఫోటనమూ అంత గుంట చేయలేదని మొదట చాలామంది తోసిపుచ్చారు. 2020లో మహారాష్ట్రలోని జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోపు, ఆస్ట్రేలియాలోని మర్చిసన్ టెలిస్కోపు సమాచారాన్ని పరిశీలిస్తే ఆ గుంట నిండా రేడియో తరంగాలు వెదజల్లే కణాలు ఉన్నాయని తేలింది. అంటే అది కృష్ణబిలం జెట్ తవ్విన గుంటే. అప్పటికి తెలిసినవాటిలో అంతటి శక్తిమంతమైన విస్ఫోటనం మరొకటి లేదు.

మన పాలపుంత కూడా ఎప్పుడూ ఇంత నెమ్మదస్తురాలు కాదు. గెలాక్సీ పళ్లేనికి పైనా కిందా ఒక్కోటి 25 వేల కాంతి సంవత్సరాల ఎత్తున్న రెండు గామా కిరణాల బుడగలు ఉన్నాయని 2010లో ఫెర్మీ టెలిస్కోపు సమాచారంలో బయటపడింది. కొన్ని లక్షల ఏళ్ల నుంచి కొన్ని మిలియన్ల ఏళ్ల కిందట నడిమి బిలం ఒకసారి చెలరేగిన గుర్తులివి అనేది బలమైన వాదన. గెలాక్సీ నడుమ ఒకేసారి పుట్టి పేలిన నక్షత్రాల పని అనేవాళ్లూ ఉన్నారు.

బిలం బరువుకూ, దానికి ఎంతో దూరంలో తిరిగే నక్షత్రాల వేగాలకూ గట్టి లంకె ఉందని 2000లో రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. బిలం, గెలాక్సీ ఒకదాన్నొకటి అదుపు చేసుకుంటూ పెరిగాయనడానికి చాలామంది దీన్నే సాక్ష్యంగా చూపుతారు. నాకు ఇందులో కాస్త తొందర కనిపిస్తుంది. గెలాక్సీలు ఒకదానిలో ఒకటి పదే పదే కలిసిపోతూ ఉంటే, వాటి బిలాలూ కలిసిపోతూ ఉంటే, ఏ అదుపూ లేకుండానే సగటున ఇలాంటి లంకె కొంత ఏర్పడుతుందని లెక్కలు ఉన్నాయి. పెర్సియస్‌లో బిలం వాయువును వేడి చేస్తోందన్నది కళ్ల ముందున్న సంగతి. ప్రతి గెలాక్సీ బరువునూ దాని బిలమే నిర్ణయించిందనడం ఇంకా నిరూపణ కావలసిన మాట.

ఇంత పెద్దవి ఇంత త్వరగా ఎలా పెరిగాయి?

ఈ రంగంలో ఇప్పుడు అన్నిటికంటే చిక్కుముడిగా ఉన్న ప్రశ్న ఇది. చిక్కు ఏమిటో చక్రవడ్డీ లెక్క తెలిసినవారికి వెంటనే అర్థమవుతుంది.

కృష్ణబిలం ఎంత వేగంగా మేస్తే అంత వెలుగు పుడుతుంది. ఆ వెలుగే వచ్చిపడే వాయువును వెనక్కి నెడుతుంది. కాబట్టి మేతకు ఒక హద్దు ఉంది. దాన్ని ఎడింగ్టన్ హద్దు అంటారు. (1935 జనవరిలో లండన్ సభలో చంద్రశేఖర్ లెక్కను ఎగతాళి చేసి, నక్షత్రం అలా కుంగిపోవడాన్ని ప్రకృతి ఒప్పుకోదన్న ఆర్థర్ ఎడింగ్టన్ ఈయనే. కృష్ణబిలాల పెరుగుదల లెక్కకు ఆయన పేరే ఆధారం కావడం చరిత్ర చేసిన తమాషా.) ఈ హద్దు మేరకు ఎడతెగకుండా మేసినా బిలం బరువు రెట్టింపు కావడానికి దాదాపు మూడున్నర కోట్ల ఏళ్లు పడుతుంది.

2021లో ప్రకటించిన ఒక క్వేజార్ బిలం 160 కోట్ల సూర్యుళ్ల బరువుంది. మనం చూస్తున్నది బిగ్ బ్యాంగ్ జరిగిన 67 కోట్ల ఏళ్లకు అది ఉన్న స్థితి. వంద సూర్యుళ్ల బరువున్న ఒక బిలంతో లెక్క మొదలుపెట్టండి. 160 కోట్లకు చేరాలంటే 24 సార్లు రెట్టింపు కావాలి. 24ను మూడున్నరతో గుణిస్తే 84 కోట్ల ఏళ్లు. విశ్వం వయసే అప్పటికి 67 కోట్లు. అందులోనూ మొదటి నక్షత్రాలు పుట్టడానికే పది కోట్ల ఏళ్లు పట్టి ఉండాలి. అసలు తక్కువైనా వడ్డీ ఎక్కువైనా కావాలి, లేదా అసలే పెద్ద మొత్తం అయి ఉండాలి. వడ్డీ ఎక్కువంటే ఎడింగ్టన్ హద్దును మీరి మేయడం. అసలు ఎక్కువంటే బిలం పుట్టుకలోనే లక్ష సూర్యుళ్ల బరువుతో పుట్టడం. అప్పుడు 14 రెట్టింపులు చాలు, 49 కోట్ల ఏళ్లలో పని అయిపోతుంది.

పుట్టుకలోనే అంత పెద్దది ఎలా పుడుతుంది? నక్షత్రాలుగా విడిపోకుండా ఒక పెద్ద వాయు మేఘం నేరుగా కుప్పకూలితే సాధ్యమే అంటుంది ఒక సిద్ధాంతం. కోయంబత్తూరులో పుట్టి యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ప్రియంవద నటరాజన్ దీన్ని రెండు దశాబ్దాలుగా ముందుకు తెస్తున్నవారిలో ఒకరు. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు, చంద్రా కలిసి యూహెచ్‌జెడ్1 అనే గెలాక్సీని పట్టుకున్నాయి. బిగ్ బ్యాంగ్ తర్వాత 47 కోట్ల ఏళ్ల నాటిది. దాని బిలం బరువు కోటి నుంచి పది కోట్ల సూర్యుళ్ల మధ్య ఉంటుందని అంచనా. అంటే ఆ గెలాక్సీలోని నక్షత్రాలన్నిటి బరువుతో దాదాపు సమానం. ఇప్పటి గెలాక్సీల్లో కనిపించే వెయ్యో వంతు లెక్క అక్కడ లేదు. బిలం ముందు, గెలాక్సీ తర్వాత అన్న వాదనకు ఇది బలం. వెబ్ టెలిస్కోపుకు తొలినాటి విశ్వంలో వందల కొద్దీ కనిపిస్తున్న 'చిన్న ఎర్ర చుక్కలు' కూడా మేస్తున్న బిలాలేనా, వాటి బరువులు సరిగ్గానే లెక్కిస్తున్నామా అన్న చర్చ ఇంకా వేడిగానే నడుస్తోంది.

రెండు బిలాలు కలిస్తే: కంది, ఖోడద్‌ల కథ

పెరగడానికి మేత కాక మరో దారి ఉంది, బిలాలు కలిసిపోవడం. ఈ భాగంలో తెలంగాణలో జరుగుతున్న పనికి చోటుంది.

రెండు గెలాక్సీలు కలిస్తే వాటి బిలాలు నడుమకు జారి ఒకదాని చుట్టూ మరొకటి తిరగడం మొదలుపెడతాయి. అలా తిరిగేటప్పుడు స్థలకాలాల్లో అలలు పుడతాయి. వీటినే గురుత్వ తరంగాలు అంటారు. చిన్న బిలాలు ఢీకొన్నప్పుడు పుట్టే అలలను అమెరికాలోని లైగో 2015లో పట్టుకుంది. అలాంటిదే ఒకటి మహారాష్ట్ర హింగోలి జిల్లా ఔండా నాగనాథ్‌లో కట్టడానికి కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. కానీ లైగోకు భారీ బిలాల అలలు అందవు. అవి చాలా నెమ్మది. ఒక్క అల మనల్ని దాటడానికి ఏళ్లు పడుతుంది. వాటికి భూమి మీద కట్టగలిగే ఏ పరికరమూ చాలదు.

అందుకని గెలాక్సీనే పరికరంగా వాడుకోవాలన్నది ఆలోచన. పల్సార్ అనే నక్షత్ర శవం సెకనుకు వందలసార్లు తిరుగుతూ ప్రతి చుట్టుకూ ఒక రేడియో మిణుకు పంపుతుంది. గడియారంలా కచ్చితం. గురుత్వ తరంగం దాటిపోతే ఆ మిణుకులు సెకనులో కోటి వంతు లెక్కలో ముందూ వెనకా అవుతాయి. ఒక్క పల్సార్‌లో ఆ తేడా వస్తే నమ్మలేం, దానికి లక్ష కారణాలు ఉండొచ్చు. ఆకాశంలో వేర్వేరు దిక్కుల్లో ఉన్న పల్సార్లలో, వాటి మధ్య కోణాన్ని బట్టి మారే ఒక ప్రత్యేకమైన తీరులో తేడా వస్తే అది గురుత్వ తరంగమే. ఆ తీరు ఎలా ఉండాలో 1983లోనే హెల్లింగ్స్, డౌన్స్ అనే ఇద్దరు లెక్కవేసి పెట్టారు.

మన దేశంలో ఈ పనిచేసే బృందం 'ఇండియన్ పల్సార్ టైమింగ్ ఎరే'. పుణెకు 80 కిలోమీటర్ల దూరంలోని ఖోడద్ దగ్గర ఉన్న జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోపు వీళ్ల కన్ను. గోవింద్ స్వరూప్ నాయకత్వంలో కట్టిన ఈ టెలిస్కోపులో 45 మీటర్ల వెడల్పున్న గిన్నెలు 30 ఉంటాయి. బృందంలో పుణె, ముంబయి, బెంగళూరు, చెన్నై, రూర్కీ, భోపాల్ సంస్థలతో పాటు జపాన్ శాస్త్రవేత్తలు ఉన్నారు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ కూడా ఉంది. అక్కడి ఆచార్యుడు శంతను దేశాయ్, ఆయన దగ్గర చదువుకుంటున్నవారు పల్సార్ సమాచార విశ్లేషణలో పాలుపంచుకుంటున్నారు.

భారత బృందం వాటా ఎందుకు ముఖ్యమో చెప్పుకోవాలి. పల్సార్ మిణుకు మన దాకా వచ్చే దారిలో నక్షత్రాల మధ్య ఉన్న ఎలక్ట్రాన్ల వల్ల కొంత ఆలస్యమవుతుంది. ఆ ఎలక్ట్రాన్లు రోజుకో తీరుగా ఉంటాయి. ఈ ఆలస్యాన్ని గురుత్వ తరంగమని పొరబడితే అంతా తలకిందులే. తక్కువ పౌనఃపున్యంలో ఆలస్యం ఎక్కువ, కాబట్టి అక్కడ దాన్ని బాగా కొలవవచ్చు. ఖోడద్ టెలిస్కోపు బలం ఆ తక్కువ పౌనఃపున్యాల్లోనే ఉంది. ఐరోపా బృందం 25 పల్సార్లను దాదాపు 25 ఏళ్లు గమనించింది. భారత బృందం సమాచారం పది పల్సార్లది, మూడున్నరేళ్లది. కాలం తక్కువే అయినా, ఐరోపా సమాచారంలోని ఆలస్యాల లెక్కను సరిచేయడానికి అది పనికొచ్చింది.

2023 జూన్ 29న అమెరికా, ఐరోపా-భారత్, ఆస్ట్రేలియా, చైనా బృందాలు ఒకేసారి తమ ఫలితాలు ప్రకటించాయి. విశ్వమంతా ఒక సన్నటి గురుత్వ తరంగాల హోరు ఉందనడానికి ఆధారాలు దొరికాయన్నది సారాంశం. కోట్ల ఏళ్లుగా కలుస్తున్న భారీ బిలాల జంటలన్నీ కలిసి చేస్తున్న హోరు అది కావచ్చు. సంతలోకి అడుగుపెట్టకముందే దూరం నుంచి వినిపించే రొదలాంటిది. ఏ గొంతు ఎవరిదో ఇంకా తెలియదు. ఇక్కడ 'ఆధారాలు' అన్న మాటను జాగ్రత్తగా చదవాలి. ఐరోపా-భారత్ ఫలితంలో ఇది కేవలం యాదృచ్ఛికంగా జరిగే అవకాశం సుమారు వెయ్యిలో ఒకటి. కనుగొన్నాం అని చెప్పడానికి భౌతికశాస్త్రంలో పాటించే కట్టుబాటు దాదాపు 35 లక్షల్లో ఒకటి. ఆనాడు చాలా పత్రికలు 'కనుగొన్నారు' అనే రాశాయి. శాస్త్రవేత్తలు మాత్రం ఆ మాట వాడకుండా జాగ్రత్తపడ్డారు.

ఈ హోరు నిజంగా బిలాల జంటలదే అని తేలితే ఒక పాత చిక్కు కూడా తీరుతుంది. రెండు బిలాలు కొన్ని కాంతి సంవత్సరాల దగ్గరికి వచ్చాక, వాటి వేగాన్ని తగ్గించగల నక్షత్రాలు చుట్టుపక్కల అయిపోతాయి. గురుత్వ తరంగాల వల్ల శక్తి కోల్పోయేంత దగ్గరికి అవి ఇంకా రాలేదు. లెక్కల్లో అవి అక్కడే నిలిచిపోతాయి, ఎప్పటికీ కలవవు. హోరు వినిపిస్తోందంటే ప్రకృతికి ఏదో దారి దొరికినట్టే. అది బిలాలది కాకుండా విశ్వం పుట్టిన తొలి క్షణాల నుంచి మిగిలినదైతే కథ పూర్తిగా వేరు.

మన పాలపుంతకూ ఆండ్రోమెడాకూ ఢీ తప్పదని చాలా ఏళ్లు చెప్పుకున్నాం. ఆండ్రోమెడా నడిమి బిలం మనదాని కంటే ఎన్నో రెట్లు బరువైనది. వచ్చే వెయ్యి కోట్ల ఏళ్లలో అవి కలవడానికి ఉన్న అవకాశం సగానికి సగమేనని 2025లో 'నేచర్ ఆస్ట్రానమీ'లో వచ్చిన పరిశోధన తేల్చింది.

ఏళ్లు పట్టే అలలకూ లైగో పట్టే క్షణాల అలలకూ మధ్య పెద్ద ఖాళీ ఉంది. లక్షల సూర్యుళ్ల బరువున్న బిలాలు, అంటే మన సాజిటేరియస్ ఏ స్టార్ లాంటివి, చివరి క్షణాల్లో కలిసేటప్పుడు వచ్చే అలలు ఆ ఖాళీలోనే ఉంటాయి. ఒకదానికొకటి 25 లక్షల కిలోమీటర్ల దూరంలో ఎగిరే మూడు ఉపగ్రహాలతో వాటిని పట్టే 'లీసా' ప్రాజెక్టును ఐరోపా అంతరిక్ష సంస్థ 2024 జనవరిలో ఆమోదించింది. ప్రయోగం 2035లో జరగాలన్నది ప్రణాళిక. అప్పటిదాకా పల్సార్లే దిక్కు. ఖోడద్ గిన్నెలు కొన్ని వారాలకోసారి అవే పల్సార్ల వైపు తిరుగుతూ ఉంటాయి, ఆ మిణుకుల ఆలస్యాలను కందిలోనూ మిగతా చోట్లా లెక్కగడుతూ ఉంటారు.